వైఫై ఒక మూలకి అందట్లేదా? సిగ్నల్‌కి రెండో దారి చూపించండి ఇలా

హాల్లో బాగా వచ్చే వైఫై వంటింట్లో తెగిపోతుంది. ఫోన్ బెత్తెడు పక్కకి జరిపితే మళ్లీ వస్తుంది. ఇలాంటప్పుడు కొత్త రౌటర్ కొనేయకండి.

రౌటర్ తరంగం ఫోన్‌కి నేరుగా కొంత, గోడకి తగిలి కొంత, ఇనప బీరువాకి తగిలి కొంత చేరుతుంది. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 12.5 సెంటీమీటర్లు. రెండు దారుల మధ్య అందులో సగం తేడా వస్తే ఒకదాని ఎత్తు ఇంకోదాని పల్లంలో పడి, సిగ్నల్ చెరిగిపోతుంది. అదే ఫేడింగ్.

దీనికి విరుగుడు దారులు పెంచడం. ఒక దారి పదిసార్లలో ఒకసారి మొరాయిస్తుందనుకోండి. దానితో సంబంధం లేని రెండో దారి ఉంటే, రెండూ కలిసి మొరాయించేది వందలో ఒకసారే. రౌటర్ నేరుగా కనబడని చోట ఒక్క దారితోనే ఆ ఫలితం రావాలంటే సుమారు పదింతల శక్తి కావాలి! ఇంజినీర్లు ఈ ఉపాయాన్ని డైవర్సిటీ అంటారు.

ముందు రోగం తేల్చుకోండి. ఫోన్లో వైఫై ఎనలైజర్ యాప్ తెరిచి, బెత్తెడు బెత్తెడు జరుపుతూ సిగ్నల్ బలం చూపే అంకె (డెసిబెల్స్‌లో ఉంటుంది) చూడండి. మైనస్ 60, మైనస్ 80 మధ్య ఎగిరి పడుతుంటే అది ఫేడింగే. ఆ 20 డెసిబెల్స్ అంటే శక్తిలో వందరెట్ల తేడా. గదంతా ఒకేలా తక్కువుంటే మాత్రం గోడ అడ్డమన్నమాట; నేరుగా చివరి పనికి వెళ్లండి.

తర్వాత రౌటర్‌ని బీరువా, ఫ్రిజ్‌ల పక్కనుంచి తీసి, ఎత్తులో పెట్టండి.

ఇప్పుడు యాంటెన్నాలు. చాలామంది రెండూ నిటారుగా నిలబెడతారు. ఒకటి నిటారుగా ఉంచి, రెండోది పక్కకి పడుకోబెట్టండి. ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా ఊగే తరంగాలు పంపుతాయి; రెండూ ఒకేచోట చెరిగిపోవడం అరుదు. పంపేవైపు రెండు యాంటెన్నాలుంటే, అందుకునేవైపు ఒక్కటున్నా డైవర్సిటీ లాభం దక్కించుకునే తేలికైన పద్ధతిని 1998లో సియావష్ అలమౌటి చూపించాడు. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా అందంగా అనిపించే ఆలోచన అది.

రౌటర్‌లో 2.4తో పాటు 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ కూడా ఆన్‌లో ఉంచండి. గోడలు దాటడంలో 5 బలహీనమే గానీ, దాని తరంగం పొట్టిది కాబట్టి సిగ్నల్ చెరిగే చోట్లు వేరు.

చివరిది సహకారం: మధ్యలో రౌటర్ సిగ్నల్‌ని అందుకుని ముందుకి పంపే ఒక మెష్ పెట్టె లేదా రిపీటర్. సిగ్నల్ లేని గదిలోనే దాన్ని పెట్టడం అందరూ చేసే తప్పు. తనకే వినబడని మాటను అది ఎలా చేరవేస్తుంది? సిగ్నల్ ఇంకా బాగున్న చోట, సగం దారిలో పెట్టండి. స్లాబ్ వేసేటప్పుడు తట్టలు చేతులు మారినట్టే ఇదీ. తట్ట అందిస్తున్న చేతులు అదే క్షణంలో ఇంకోటి అందుకోలేవు కదా, అందుకే ఒకే బ్యాండ్ మీద నడిచే రిపీటర్‌తో వేగం దాదాపు సగమవుతుంది. వీలైతే రౌటర్ నుంచి దానికి ఈథర్‌నెట్ తీగ లాగండి.

ఒక్కో మార్పు చేశాక అవే చోట్ల మళ్లీ కొలవండి, తలుపులు తీసి ఒకసారి, వేసి ఒకసారి.