జి6పీడీ మ్యుటేషన్‌ని త్రీడీ బొమ్మలో చూసేది ఎట్ల

మా అనంతపురంలో పక్కింటి వదిన బిడ్డ రిపోర్ట్ పట్టుకొచ్చి "జి6పీడీ తక్కువుందంట, నువ్వు బయోకెమిస్ట్రీనే కదప్పా, ఏందిది" అనింది. జి6పీడీ అంటే ఎర్రరక్తకణాల్ని కాపాడే ఒక ఎంజైమ్. దాని గురించి నోటితో చెప్పేకన్నా లాప్‌టాప్‌లో బొమ్మ చూపిస్తే మేలనిపించింది, మీరూ చూడొచ్చు, ఏమీ ఇన్‌స్టాల్ చేసే పన్లేదు.

ప్రోటీన్ల త్రీడీ బొమ్మలు ఉండే ఆర్‌సీఎస్‌బీ పీడీబీ (RCSB PDB) సైట్ తెరిచి 1క్యూకేఐ (1QKI) అని ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టండి. 2000లో వచ్చిన స్ట్రక్చర్ ఇది, మనిషి జి6పీడీనే, కానీ క్యాంటన్ అనే రకం, 459వ చోట ఆర్జినిన్ అనే అమైనో ఆసిడ్ పోయి ల్యూసిన్ వచ్చి కూర్చుంది. రిజల్యూషన్, అంటే బొమ్మ స్పష్టత, 3 ఆంగ్‌స్ట్రామ్‌లే కాబట్టి హైడ్రోజన్ల కోసం వెతకొద్దు. బొమ్మ తెరవంగానే ఎనిమిది చైన్లు (ఒకే ప్రోటీన్ కాపీలు) దారం చిక్కుపడినట్ల కనిపిస్తాయి, భయపడకండి, ఒక్క ఏ చైన్ చాలు.

పైన సీక్వెన్స్ వరసలో 459 పట్టుకొని నొక్కండి. రెండు నంబర్లు కనపడితే ఆథ్ (auth) అని ఉండేదాన్నే నమ్మండి, నేను ఫస్ట్‌లో ఇక్కడే పక్క రెసిడ్యూని (అమైనో ఆసిడ్‌ని) చూసుకుంటా అర్ధగంట పోగొట్టుకున్నా. ఇప్పుడు 205 లైసిన్, 263 హిస్టిడిన్ కూడా చూడండి, గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ మీద పని జరిగేది ఆడనే. 459 ఆ చోట్లో లేనే లేదు కదా, మరి ఎంజైమ్ ఎందుకు దెబ్బతింటుందంటే, అసలు ఆర్జినిన్ చెయ్యి చాపి పక్క హెలిక్స్‌లోని (స్ప్రింగ్ లెక్క చుట్టుకున్న భాగంలోని) 181 ఆస్పార్టేట్‌ని పట్టుకొని ఉండేది, ల్యూసిన్‌కి చార్జే లేదు, ఇంక దేన్ని పట్టుకుంటుంది, పట్టు వదిలితే హెలిక్స్ కదిలిపోతుంది. దూలం జరిగితే గోడకి పగులొచ్చినట్ల. ఎర్రరక్తకణానికి న్యూక్లియస్ లేదు, కొత్త ఎంజైమ్ చేసుకోలేదు, ఉన్నదాంతోనే దాదాపు 120 రోజులు నెట్టుకురావాల. కణాన్ని దెబ్బతినకుండా కాపాడే ఎన్ఏడీపీహెచ్ తయారు చేసుకోను దానికి ఇంకో దారి కూడా లేదు.

క్యాంటన్ చైనావాళ్ళలో ఎక్కువ. మన దేశంలో కనిపించేవి మెడిటరేనియన్, కేరళ-కల్యాణ్, ఒరిస్సా రకాలు, అదే బొమ్మలో వరసగా 188, 317, 44 నొక్కి ఏది యాడుందో చూసుకోండి, ఒరిస్సాది మాత్రం ఎన్ఏడీపీ వచ్చి అంటుకునే చోట ఉంటుంది.

వదినకి ఇదంతా ఎక్కలేదులే. ప్రైమాక్విన్ అనే మలేరియా మందు గురించి డాక్టర్‌కి ముందే చెప్పమని, బీరువాలో కలరా ఉండలు తీసేయమని చెప్పినా, రెండూ ఈ ఎంజైమ్ తక్కువున్నోళ్ళ ఎర్రకణాల్ని పగలగొట్టగలవు. ఫావా బీన్స్ వద్దని ఎవరో చెప్తే పాపం అనపగింజల కూర కూడా మానేసింది, అది వేరే చెట్టు వదినా అంటే నమ్మదే!