బ్యాష్‌లో నడిచే స్క్రిప్ట్ సర్వర్లో ఆగిపోతుంటే: నా అనుభవం

నా ల్యాప్‌టాప్‌లో బ్యాష్‌తో (కమాండ్లను నడిపే షెల్ ప్రోగ్రామ్) చక్కగా నడిచే బ్యాకప్ స్క్రిప్ట్ ఉబుంటు (ఒక లినక్స్ సిస్టమ్) సర్వర్లో "[[" (షరతు చూసే గుర్తు) కమాండ్ దొరకలేదని ఆగిపోయేది. "ఎకో -ఇ" (తెరపై రాసే కమాండ్) రాసిన ప్రతి లైను ముందు "-ఇ" కూడా అచ్చయ్యేది. పర్మిషన్లు మార్చాను, లైన్ ఎండింగులు చూశాను, బ్యాష్ మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, ఏదీ ఫలించలేదు.

చివరికి ఏ షెల్‌తో నడపాలో చెప్పే స్క్రిప్ట్ మొదటి లైను చూశాను. అందులో బిన్ ఎస్‌హెచ్ అని ఉంది. 2006లో వచ్చిన 6.10 నుంచి ఉబుంటులో ఆ పేరు వెనక ఉన్నది బ్యాష్ కాదు, డ్యాష్ అనే ఇంకా చిన్న షెల్. ఆ లైనులో బ్యాష్ అని రాస్తే సరిపోయేది. కానీ ఇదే స్క్రిప్ట్ ఆల్పైన్ (చిన్న లినక్స్ సిస్టమ్) కంటైనర్లోనూ నడవాలి, అక్కడ మామూలుగా బ్యాష్ ఉండదు.

అందుకని ముందు "[[ ]]" అన్నీ "[ ]" చేశాను. లోపలి "==" తీసి ఒకే "=" పెట్టాను. తర్వాత ప్రతి వేరియబుల్‌నీ డబుల్ కోట్స్‌లో ఉంచాను. ఇది మరవకండి: కోట్స్ లేకపోతే, విలువ ఖాళీగా ఉన్నప్పుడు వేరియబుల్ పూర్తిగా మాయమై పోలిక విరిగిపోతుంది. ఎకో బదులు ప్రింట్‌ఎఫ్ వాడాను. ఆఖరున షెల్‌చెక్‌కి (స్క్రిప్ట్ తప్పులు పట్టే టూల్) ఎస్‌హెచ్ అని చెప్పి తనిఖీ చేయించి, డ్యాష్‌లోనూ, ఆల్పైన్‌లో ఉండే బిజీబాక్స్ షెల్‌లోనూ నడిపాను. డ్యాష్ సింటాక్స్ తనిఖీ ఒక్కటే చాలదు, అది "[["ని మామూలు కమాండ్ అనుకుని వదిలేస్తుంది.

మీ స్క్రిప్ట్‌లో అర్రేలు (ఒకే పేరు కింద చాలా విలువలు) ఉంటే ఈ దారి కుదరకపోవచ్చు; అప్పుడు బ్యాష్‌నే ఉంచుకోండి. మ్యాక్‌లో సెడ్ (టెక్స్ట్ మార్చే కమాండ్) తేడాలకూ ఇది మందు కాదు.