జొన్న గటక రాత్రే వండి పెట్టుకోండి

కడుపులోని మంచి బ్యాక్టీరియా కోసమని ఇనులిన్ అనే పీచు పొడి డబ్బా కొనే ముందు, మన వరంగల్ వైపు ఇళ్లల్లో ఎప్పటినుంచో వండుకునే జొన్న గటక చేసి చూడండి. ఆ డబ్బాల్లో ఎక్కువగా ఉండేది చికోరీ వేరు నుంచి తీసిన పీచు, ఆ రకం పీచు ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డల్లోనూ ఉంటుంది. మరి అంత ఖర్చెందుకు?

గ్లాసు జొన్న రవ్వను కడిగి గంటసేపు నానబెట్టి, మరుగుతున్న నాలుగు గ్లాసుల ఉప్పునీళ్లలో వేసి, అడుగంటకుండా కలుపుతూ సన్నమంట మీద మెత్తగా ఉడికించండి. దగ్గరపడితే ఇంకొన్ని వేడినీళ్లు పోయండి.

అసలు సంగతి ఆ తర్వాతే. చల్లారాక మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే (ఎండాకాలం బయట అస్సలు వదిలేయకండి), ఉడికిన పిండిపదార్థంలో కొంత మళ్లీ గట్టిపడి, చిన్నపేగులో అరగకుండా పెద్దపేగు దాకా పోతుంది, అక్కడ బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యుటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తుంది, పెద్దపేగు గోడ కణాలకు ప్రధాన ఇంధనం ఆ బ్యుటిరేటే.

పొద్దున సల్ల పోసుకుని పచ్చి ఉల్లిగడ్డ నంజుకోండి. మళ్లీ వేడిచేస్తే, అరగకుండా పెద్దపేగు దాకా పోయే ఆ గుణం కొంత తగ్గొచ్చు.

మొదట చిన్న గిన్నెతోనే మొదలుపెట్టండి, ఒక్కసారిగా పెంచితే గ్యాస్ గ్యారంటీ. ఐబీఎస్ (తరచూ కడుపునొప్పి, విరేచనాలు లేదా మలబద్ధకంతో ఇబ్బంది పెట్టే పేగు సమస్య) ఉన్నవాళ్లు పచ్చి ఉల్లిగడ్డ మానేయడమే మంచిది.