మరణాల లెక్క చదవడం ఎలా? 3వ పాఠం: లాక్‌డౌన్ నెలలు, శాతాల తిరకాసు

పోయిన పాఠంలో శవపంచనామా కాగితం చదవడం చూశాం. రోడ్డు ప్రమాదం, ఉరి, పురుగుల మందు, నీట మునగడం, కాలిన గాయాలు, అన్నీ అసహజ మరణాల కిందకే వస్తాయి. ఈసారి ఆ కాగితాలు ముందేసుకుని కరోనా లాక్‌డౌన్‌కి ముందు, లాక్‌డౌన్‌లో అనే రెండు కాలాలను పోల్చడం నేర్చుకుందాం.

విశాఖలో ఒక మార్చురీకి 2019 ఏప్రిల్‌లో 100 శవాలు వచ్చాయనుకోండి (లెక్క కోసం నేను వేసిన అంకెలివి, నిజమైనవి కావు). రోడ్డు ప్రమాదాలు 50, ఆత్మహత్యలు 30, మిగతావి 20. 2020 ఏప్రిల్‌లో 60 వచ్చాయి: రోడ్డు 15, ఆత్మహత్యలు 30, మిగతావి 15. "ఆత్మహత్యలు 30 శాతం నుంచి 50 శాతానికి" అని హెడ్డింగ్ పెట్టేయొచ్చు. కానీ అప్పుడూ 30 మందే, ఇప్పుడూ 30 మందే. గాజువాక, హనుమంతవాక జంక్షన్లలో బళ్లు ఆగిపోయి మొత్తం తగ్గింది, అందుకే శాతం పెరిగింది. శాతం కనబడితే పక్కనే అసలు సంఖ్య రాసుకోండి.

అలాగని ఆత్మహత్యలు పెరగలేదని కొట్టిపారేయకండి. ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) లెక్కలో దేశం మొత్తం మీద ఆత్మహత్యలు 2019లో 1,39,123, 2020లో 1,53,052. ఇక్కడ పెరిగింది సంఖ్యే. ప్రమాద మరణాలేమో 4,21,104 నుంచి 3,74,397కి తగ్గాయి. అయితే ఇవి ఏడాది లెక్కలు. దేశమంతా లాక్‌డౌన్ ఉన్నది 2020 మార్చి 25 నుంచి మే 31 దాకా, 68 రోజులు. పెరిగింది ఆ రోజుల్లోనా, తర్వాత పనుల్లేక అప్పులు మీదపడ్డ నెలల్లోనా అన్నది నెలవారీగా విడగొడితేనే తెలుస్తుంది. (ఈ పాఠం చదువుతుంటే మనసు బాగా బరువెక్కితే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి మాట్లాడండి.)

ఎక్కువమంది తడబడేది తేదీ దగ్గర. గడ్డి మందు తాగిన మనిషి రెండు వారాలు ఆసుపత్రిలో ఉండి పోవచ్చు. మార్చి 18న తాగి ఏప్రిల్ 1న చనిపోతే, మరణం లాక్‌డౌన్‌లో పడుతుంది, కారణం అంతకు ముందుది. కాబట్టి ఘటన తేదీకి ఒక గడి, మరణం తేదీకి ఒక గడి.

ఇంకొకటి. విశాఖలోని కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆసుపత్రి) శ్రీకాకుళం, విజయనగరం, ఏజెన్సీ నుంచి కూడా కేసులు వస్తాయి. రవాణా ఆగితే అవీ తగ్గొచ్చు. మార్చురీ లెక్క తగ్గిందని ఊళ్లో చావులు తగ్గాయని రాయకండి. మృతుడి ఊరు చూసి నగరం కేసులు వేరు చేయండి.

అభ్యాసం: 2020 మే 7న విశాఖ ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ప్లాంటు నుంచి స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. లాక్‌డౌన్‌లో మూతపడి, మళ్లీ తెరవబోతున్న ప్లాంటు అది. మే నెల ప్రమాద మరణాలను ఈ 12తో ఒకసారి, లేకుండా ఒకసారి వేయండి. ఈ మరణాలను లాక్‌డౌన్ ప్రభావం కింద చూపుతారా, విడిగా చూపుతారా? ఎందుకో రెండు వాక్యాల్లో రాసి ఉంచుకోండి, నాలుగో పాఠం అక్కడి నుంచే మొదలు.