దెబ్బతిన్న పాత ఫిల్మును పునరుద్ధరించే పద్ధతి

పాత సినిమా పునరుద్ధరణ అనగానే కంప్యూటరే గుర్తుకొస్తుంది గానీ, ఫలితం ఎలా ఉండబోతోందన్నది చాలావరకు అంతకుముందే, రీలు మనిషి చేతిలో ఉన్న దశలోనే తేలిపోతుంది.

మొదట ఆ సినిమాకు మిగిలిన నెగటివులనూ ప్రింట్లనూ సేకరించి పోల్చి చూడాలి. కాపీ తీసిన ప్రతిసారీ బొమ్మ స్పష్టత కొంత తగ్గుతుంది కనుక ఒరిజినల్ కెమెరా నెగటివ్ దొరికితే దానినే ఆధారంగా తీసుకుని, అందులో పాడైన భాగాలను మాత్రమే ఇతర కాపీల నుంచి పూరించుకోవాలి.

ఫిల్ము ఏ రకానిదో తేల్చుకోకుండా పని మొదలుపెట్టకూడదు. 1950ల ఆరంభం వరకు విస్తృతంగా వాడిన నైట్రేట్ ఫిల్ము అంటుకుంటే, మండడానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది గనుక, నీళ్లలో ముంచినా ఆరదు. దాన్ని శిక్షణ పొందినవారే ముట్టుకోవాలి. అసిటేట్ ఫిల్ముకు ఆ ముప్పు లేదు గానీ, వేడికీ తేమకూ క్షీణించి వెనిగర్ వాసన వేస్తుంది. వెలువడే ఎసిటిక్ ఆమ్లమే క్షయాన్ని ఇంకా వేగిరపరుస్తుంది కాబట్టి అలాంటి రీళ్లను వెంటనే వేరు చేయాలి.

ఊడిన అతుకులను సరిచేసి, చిరిగిన పక్క రంధ్రాలను బాగుచేసి, దుమ్ము తుడిచాకే స్కానింగ్ దగ్గరికి వెళ్లాలి. అంటుకుపోయిన చుట్లను మాత్రం ఎన్నడూ బలవంతంగా లాగకూడదు. బొమ్మ ఉండే ఎమల్షన్ పొరే ఊడివస్తుంది. కుంచించుకుపోయిన ఫిల్మును పళ్ల చక్రాలు లేని స్కానరులో నడపడం క్షేమం. బేస్ వైపు, అంటే ఎమల్షన్ లేని ప్లాస్టిక్ వైపు గీతలుంటే, ఫిల్ముకు దగ్గరి వక్రీభవన గుణకం గల, అంటే వెలుగును దాదాపు ఫిల్ములాగే వంచే ద్రవంలో తడుపుతూ స్కాన్ చేస్తారు. ద్రవం గీతలో నిండి వెలుగు చెదరనివ్వదు కనుక గీత కనిపించదు. ఎంతో అందమైన ఉపాయమిది, అయితే ఎమల్షన్ దాకా దిగిన గీతలకు పనిచేయదు.

సెకనుకు 24 ఫ్రేముల చొప్పున గంటన్నర సినిమాలో 1,29,600 ఫ్రేములుంటాయి. మరకలను సాఫ్ట్‌వేర్ పక్క ఫ్రేములతో పోల్చి తొలగిస్తుంది గానీ, వాన చినుకులనూ నిప్పురవ్వలనూ కూడా మరకలనుకుని చెరిపేయగలదు. అందుకే ప్రతి షాటునూ మనిషి కన్నుతో సరిచూడాలి. గ్రెయిన్‌ను అంటే ఫిల్ము బొమ్మలో సహజంగా ఉండే సన్నని రేణువులను, పూర్తిగా తుడిచేస్తే ముఖాలు మైనపు బొమ్మల్లా మారతాయి, అది నా దృష్టిలో పునరుద్ధరణ కాదు. వెలిసి గులాబీ రంగుకు తిరిగిన ఫిల్ముకు వర్ణాలు దిద్దేటప్పుడు, ఆనాటి ఛాయాగ్రాహకుడు గానీ మంచి ప్రింటు గానీ అందుబాటులో ఉంటే వారి మాటే, దాని సాక్ష్యమే ప్రమాణం.

పని పూర్తయ్యాక డిజిటల్ ప్రతులను వేర్వేరు చోట్ల భద్రపరచి, ఒరిజినల్ రీళ్లను తేమ తక్కువగా ఉండే శీతల గదికి తిరిగి చేర్చాలి; మరింత మెరుగైన స్కానర్ వచ్చిన రోజున మళ్లీ వాటినే తెరవవలసి ఉంటుంది.