శ్రీహరికోట రాకెట్: చూసేవాళ్ళకీ, సముద్రంలోకి వెళ్ళేవాళ్ళకీ

రాకెట్ ఎగురుతుందని తెలిస్తే చాలు, సూళ్లూరుపేటలో ఉన్న మాకు రెండు రకాల ఫోన్లు వస్తాయి. హైదరాబాద్ నుంచి చుట్టాలు "పాస్ దొరుకుతుందా, ఎక్కడ నిలబడితే బాగా కనపడుద్ది" అని అడుగుతారు. వాకాడు వైపు కుప్పంలో, అంటే జాలర్ల పల్లెలో, ఫైబర్ బోటు నడిపే మామ ఒకాయన మాత్రం "అబ్బయ్యా, ఏ రోజు, ఎన్ని గంటలకి, వల ఎందాక వేసుకోవచ్చు" అంటాడు. ఇద్దరికీ కావాల్సిన జవాబు ఉండేది ఒకే నోటీసులో. దాన్ని చదవడం నేర్చుకుంటే సగం పని అయిపోయినట్టే, అందుకే ముందు అదే చెప్తాను.

ఇస్రో తేదీ ప్రకటించకముందే చాలాసార్లు రెండు హెచ్చరికలు బయటికొస్తాయి. విమానాలకిచ్చేది నోటమ్, దాన్ని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఇస్తుంది. ఓడలకిచ్చేది నావేరియా 8 హెచ్చరిక, దాన్ని డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీస్ ఇస్తుంది, వాళ్ళ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. అందులో కొన్నిసార్లు పది పదిహేను రోజుల గడువు కనపడుతుంది. అన్ని రోజులూ సముద్రం మూసేస్తారని కంగారు పడకండి, ఆ రోజుల్లో ఏదో ఒకరోజు కొన్ని గంటలు మాత్రమే. అసలు రోజు ఏదో తర్వాత విడిగా చెప్తారు.

ఇక లోపల రాసిన అంకెలు. ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. సమయం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది, దానికి 5 గంటల 30 నిమిషాలు కలపాలి. 0030 అని ఉంటే మనకి ఉదయం 6 గంటలు. 5వ తేదీ 2000 అని ఉంటే మనకి 6వ తేదీ తెల్లవారుజామున ఒకటిన్నర, అంటే తేదీ కూడా మారిపోతుంది, అది చూసుకోకపోతే బోటు సరిగ్గా వెళ్ళకూడని రాత్రే బయల్దేరుతుంది. రెండోది స్థానం. లాంచ్‌ప్యాడ్‌లు ఉన్నది సుమారు 13 డిగ్రీల 43 నిమిషాల ఉత్తరం, 80 డిగ్రీల 14 నిమిషాల తూర్పు దగ్గర. దీన్ని ఫోన్ మ్యాప్‌లో 13.43, 80.14 అని కొడితే మీరు గుమ్మిడిపూండి పక్కన తేలతారు, ముప్పై కిలోమీటర్లకి పైగా తేడా! నిమిషాలని 60తో భాగించాలి, అప్పుడు 13.717, 80.233 అవుతుంది. మామకి ఇది కాగితం మీద లెక్కేసి చూపించాక ఆయన జీపీఎస్‌లో పెట్టుకునే ముందు ప్రతిసారీ రెండుసార్లు సరిచూసుకుంటున్నాడు.

మొదటి ప్రమాద ప్రాంతం సాధారణంగా లాంచ్‌ప్యాడ్ చుట్టూ 10 నాటికల్ మైళ్ళ వృత్తం, అంటే పద్దెనిమిదిన్నర కిలోమీటర్లు. మిగతావి నాలుగు మూలల పెట్టెల్లా సముద్రంలో దూరంగా ఉంటాయి, ఇంధనం అయిపోయి విడిపోయే రాకెట్ భాగాలు, అంటే దశలు, వచ్చి పడేది అక్కడ. ఆ మూలల్ని మ్యాప్ మీద కలిపి చూస్తే రాకెట్ ఎటు పోతుందో కూడా తెలిసిపోతుంది. పెట్టెలు ఆగ్నేయంగా మొదలై దక్షిణానికి దిగుతుంటే ధ్రువ కక్ష్య (భూమి ధ్రువాల మీదుగా తిరిగే దారి), అది పీఎస్ఎల్వీ దారి, శ్రీలంక మీదుగా పోకూడదు కాబట్టి చుట్టు తిరిగి వెళ్తుంది. తూర్పుకి బంగాళాఖాతం మీదుగా బారుగా ఉంటే జీఎస్ఎల్వీ, ఎల్వీఎం3 లాంటి రాకెట్లు కమ్యూనికేషన్ ఉపగ్రహాలని మోసుకెళ్ళే దారి.

బోటున్నవాళ్ళకి: ప్రమాద ప్రాంతం హద్దు అమల్లోకి వచ్చే టైముకి బయట ఉండాలంటే అంతకు చాలా ముందే వల ఎత్తాలి. గంటకి ఐదారు మైళ్ళు పోయే బోటుకి 10 మైళ్ళ వృత్తం మధ్యనుంచి బయటపడటానికే రెండు గంటలు, వల లాగడానికి పట్టే టైము దీనికి అదనం. తెల్లవారుజామున ప్రయోగం ఉంటే ఆ రాత్రి వల వేయకపోవడమే మేలు. దూరం పోయాక ఫోన్ సిగ్నల్ ఉండదు, కాబట్టి బోటు రేడియోలో వీహెచ్‌ఎఫ్ 16వ ఛానెల్ ఆన్‌లోనే ఉంచాలి, కోస్ట్‌గార్డ్ పిలిచేది దాంట్లోనే. పెద్ద ఓడలకి 518 కిలోహెర్ట్జ్ మీద నావ్‌టెక్స్ అనే రేడియో సందేశాల్లో హెచ్చరిక అందుతుంది. రాకెట్ లేచిపోయింది కదా అని వెంటనే లోపలికి పోకండి. ఎల్వీఎం3 పక్కనుండే రెండు పెద్ద బూస్టర్లు రెండు నిమిషాలు దాటాక 60 కిలోమీటర్ల పైన విడిపోతాయి, అవి కింద పడటానికి ఇంకా నిమిషాలు పడుతుంది. నోటీసులో రాసిన గడువు ముగిసేదాకా బయటే ఉండాలి.

"ఒక్క పడవకి ఇంత హడావుడి ఎందుకు" అని కుర్రాళ్ళు అడుగుతుంటారు. 2014 అక్టోబర్ 27న అమెరికాలో వర్జీనియా తీరంలోని వాలప్స్‌లో ఒక తెరచాప పడవ హద్దులోకి వచ్చిందని అంటారెస్ రాకెట్‌ని ఆపేశారు. మర్నాడు అదే రాకెట్ లేచిన కొన్ని సెకన్లకే పేలిపోయింది. ఇంతకంటే చెప్పేదేముంది.

వలలో రాకెట్ ముక్క పడితే ముట్టుకోవద్దు, బోటులోకి ఎత్తొద్దు, పాత ఇనుముకి పనికొస్తుందని దాచొద్దు. పీఎస్ఎల్వీ రెండో దశలో వాడే ద్రవ ఇంధనం విషం, ఖాళీ ట్యాంకులో కాస్త మిగిలినా ప్రమాదమే. స్థానం రాసుకుని కోస్ట్‌గార్డ్ 1554కి గానీ మెరైన్ పోలీసుల 1093కి గానీ చెప్పండి. ఈ ముక్కలు ఎంత దూరం పోతాయంటే, 2023 జూలైలో పశ్చిమ ఆస్ట్రేలియా తీరానికి కొట్టుకొచ్చిన పెద్ద గుండ్రటి వస్తువు చివరికి మన పీఎస్ఎల్వీ మూడో దశదేనని తేలింది.

ఇప్పుడు చూడ్డానికొచ్చేవాళ్ళ సంగతి. సూళ్లూరుపేటలో దిగి పులికాట్ సరస్సు మీదుగా పోయే రోడ్డు దాటితే శ్రీహరికోట, అక్కడ 2019 నుంచి జనం కూర్చుని చూసేందుకు గ్యాలరీ ఉంది. షార్ (శ్రీహరికోట ప్రయోగ కేంద్రం) వెబ్‌సైట్‌లో ప్రయోగానికి కొద్దిరోజుల ముందు రిజిస్ట్రేషన్ తెరుస్తారు, పేరున్న ప్రయోగమైతే చూస్తుండగానే నిండిపోతుంది, కాబట్టి పేర్లూ ఆధార్ నంబర్లూ ముందే ఒకచోట రాసి పెట్టుకోండి. వచ్చేటప్పుడు ఒరిజినల్ కార్డు మర్చిపోవద్దు. పాస్ దొరకలేదా, సూళ్లూరుపేటలో తెలిసినవాళ్ళ మేడ మీదకి ఎక్కండి, బ్రహ్మాండంగా కనపడుతుంది. రాత్రి ప్రయోగమైతే నెల్లూరు నుంచీ చెన్నై నుంచీ కూడా నిప్పు చుక్క పైకి పోవడం చూడొచ్చు.

ఒడ్డునుంచి చూసేవాళ్ళందరం తూర్పుకే తిరిగి ఉంటాం, అందుకే ఉదయం ప్రయోగాల్లో ఎండ మొహానికి కొడుతుంది, బైనాక్యులర్ వాడితే సూర్యుడి దగ్గరికి పోకుండా చూసుకోవాలి. సాయంత్రం వెలుగు మన వెనకనుంచి పడుతుంది, నాకు అవే ఇష్టం. సూర్యోదయానికి కాస్త ముందో, పొద్దుగూకిన కాసేపటికో అయితే కింద చీకటిగా ఉండి పైన పొగ మీద మాత్రం ఎండ పడుతుంది, ఆకాశమంతా వెండి తోక పరుచుకుంటుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మా తీరంలో వానలు, మబ్బులు, దానికి మనసు సిద్ధం చేసుకుని రండి.

మొదటిసారి వచ్చేవాళ్ళకి ఒక్క మాట, ఫోన్ జేబులో పెట్టుకోండి. ముందు వెలుగు వస్తుంది, పూర్తి నిశ్శబ్దంగా. చెట్ల మీదనుంచి నారింజ రంగు మంట లేస్తుంది, పక్కవాళ్ళు అరుస్తారు, రాకెట్ చప్పుడు మాత్రం రాదు. కిలోమీటరుకి మూడు సెకన్లు లెక్కపెట్టుకోండి, పది కిలోమీటర్లయితే ముప్పై. రాకెట్ చాలా ఎత్తుకి పోయాక అప్పుడు వస్తుంది, ముందు గుమ్మని, తర్వాత పటపటమని చిరుగుతున్నట్టు, ఛాతీలో తగులుతుంది, మా ఇంటి కిటికీ అద్దాలు గజగజలాడతాయి. ఎన్నిసార్లు విన్నా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

వాయిదాలు మామూలే. చంద్రయాన్-2ని 2019 జూలై 15న గంటలోపు ఉందనగా ఆపేశారు, 22న ఎగిరింది. 2023 అక్టోబర్ 21న గగన్‌యాన్ పరీక్ష వాహనం 5 సెకన్లు ఉందనగా ఆగిపోయి, ఆ రోజే 10 గంటలకి లేచింది, కాబట్టి ఆగింది కదా అని వెంటనే లేచి వచ్చేయకండి. కానీ తేదీ మారితే మనకి పోయేది రైలు టికెట్, బోటు వాళ్ళకి మాత్రం రెండో రోజు వేట కూడా పోతుంది. ఒకసారి కొత్త తేదీ కుప్పానికి ఆలస్యంగా చేరి మామ కొట్టించుకున్న డీజిల్ అలాగే ఉండిపోయింది, ఐసు కరిగిపోయింది. అప్పటినుంచి కౌంట్‌డౌన్ ఆగిందని వినగానే నేను చేసే మొదటి పని ఆయన గ్రూపులో ఇలా రాయడం: "ఈరోజు ప్రయోగం లేదు. కొత్త రోజు ఇంకా చెప్పలేదు. ఈరోజు హద్దు ఎన్నింటికి ఎత్తేస్తారో మెరైన్ వాళ్ళని అడిగి బయల్దేరండి. కొత్త నోటీసు రాగానే మన టైములో రాసి పెడతా."