క్రికెట్ పందేల్లో వరుసగా పోతున్నప్పుడు ఏం చేయాలి: ప్రొద్దుటూరు నుంచి ఒక అప్రైజర్ మాట

నేను ప్రొద్దుటూరులో బంగారం అప్రైజర్‌ని. తాకట్టుకు వచ్చిన నగను గీటురాయి మీద గీసి, యాసిడ్ చుక్క వేసి చూసి, కాటా పెట్టి, నాణ్యం రాసిస్తాను. మామూలు రోజుల్లో పంట పెట్టుబడికో పిల్లల ఫీజులకో వచ్చేవాళ్లే ఎక్కువ. ఐపీఎల్ మొదలైతే పాతికేళ్ల పిల్లోళ్లు ఒంటరిగా వస్తారు. గొలుసు కర్చీఫులో చుట్టి ఉంటుంది. కడీల మధ్య పసుపు పేరుకుని ఉంటుంది, కాటా పెట్టే ముందు దాన్ని బ్రష్షుతో తీయాలి. అంటే నిన్నటిదాకా ఎవరి మెడలోనో ఉన్న గొలుసు అది. ఎంతొస్తుందని కాకుండా ఎంతసేపు పడుతుందని అడుగుతారు. మ్యాచ్ లోపు డబ్బు అకౌంట్లో పడాలని వాళ్ల తొందర. కాస్త చనువుగా అడిగితే అందరూ చెప్పేది ఒకటే: "వరుసగా పోతా ఉందన్నా. ఈ పొద్దు ఒక్కటి తగిలితే అంతా సెట్ అయిపోతుంది."

నాయనా, ఈ మాట నువ్వు అనుకుంటున్నావంటే ఇది నీకోసమే రాస్తున్నాను. ఎలా ఆడితే తిరిగొస్తుందో చెప్పను, తిరిగొచ్చే దారి లేదు. ఈ రాత్రి ఏం చేయాలో, రేపు ఏం చేయాలో చెబుతాను.

ముందు లెక్క అర్థం చేసుకో. గెలుపూ ఓటమీ సరిసమానంగా ఉన్న పందెం వంద సార్లు కాస్తే, ఎక్కడో ఒకచోట వరుసగా ఆరు ఓటములు వచ్చే అవకాశం సగానికి పైనే. కాబట్టి వరసగా పోవడం నీ బ్యాడ్ టైమ్ కాదు, శని కాదు. అది ఆటలోనే ఉంది. ఆరు పోయాయి కాబట్టి ఏడోది రావాలన్న నియమమూ లేదు. 1913 ఆగస్టు 18న మాంటే కార్లో క్యాసినోలో రౌలెట్ బంతి (ఎరుపు, నలుపు గళ్లున్న చక్రంలో తిప్పేది) వరుసగా 26 సార్లు నలుపులోనే పడింది. ఇక ఎరుపు రాక తప్పదని పెంచుకుంటూ పోయినవాళ్లంతా మునిగారు. బంతికి వెనకటి ఆట గుర్తుండదు.

పైగా నీకు ఇచ్చే రేటు సమానం కాదు. వంద పెట్టి గెలిస్తే నీ వందతో పాటు పైన తొంభై ఇస్తారు, ఓడితే వంద తీసుకుంటారు. ఈ రేటుకు నూటికి 53 పందేలు గెలిస్తే తప్ప అసలు నిలవదు. సగం గెలిచేవాడు కూడా పెట్టిన ప్రతి వందకూ సగటున ఐదు రూపాయలు వదిలేసుకుంటాడు.

ఇప్పుడు డబుల్ సంగతి. పోయినప్పుడల్లా రెట్టింపు కాస్తే ఒక్క గెలుపుతో అంతా వస్తుందని నీకు ఎవరో చెప్పే ఉంటారు. కాగితం తీసుకుని వేసి చూడు. ఐదు వందలతో మొదలుపెట్టావు. 500, 1,000, 2,000, 4,000 వరుసగా పోయాయి, మొత్తం 7,500. ఐదోసారి 8,000 కాశావు, గెలిచావు. తొంభై పైసల రేటుకు నీకొచ్చేది 7,200. గెలిచి కూడా మూడు వందలు నష్టం. ఐదోదీ పోయి ఆరోది గెలిస్తే నష్టం 1,100. ఏడోది గెలిస్తే 2,700. అక్కడి నుంచి ముందుకు పోయేకొద్దీ గెలిచినా లోతుకే. "పోయిన చోటే వెతుక్కోవాలి" అంటారు గానీ, ఈ పందేల్లో పోయిన చోట వెతికితే దొరికేది ఇదే.

టిప్స్ ఇస్తామనే టెలిగ్రామ్ గ్రూపులు ఈ రాత్రే వదిలెయ్. సగం మందికి ఒక టీమ్, మిగతా సగానికి ఇంకో టీమ్ చెబితే రోజూ ఎవరో ఒకరికి నిజమవుతుంది. ఆ స్క్రీన్‌షాట్లే నీకు చూపిస్తారు.

ఈ రాత్రి చేయాల్సినవి ఇవి. పందేలు కాయడానికి ఐడీ (లాగిన్) ఇచ్చినవాడి నంబరు బ్లాక్ చెయ్. ఐడీలో ఇంకా కొంత బ్యాలెన్స్ ఉందని ఆగొద్దు, దాన్ని ఆడి తీసుకుందామనే కదా మళ్లీ కూర్చునేది. బ్యాంకు యాప్‌లో యూపీఐ లిమిట్‌ను రోజు ఖర్చుకు సరిపడేంతకు తగ్గించు. జీతం వేరే అకౌంట్లో, అది కూడా ఇంట్లోవాళ్ల చేతిలో ఉండే అకౌంట్లో పడేలా చూడు. అప్పు యాప్‌లు ఏవీ కొత్తగా వేసుకోవద్దు. పాత యాప్‌వాళ్లు కాంటాక్టులకు ఫోటోలు పంపుతామని బెదిరిస్తే 1930కి ఫోన్ చెయ్, అది సైబర్ నేరాల నంబరు.

తెల్లారాక అప్పులన్నీ ఒకే కాగితం మీద రాయి. ఎవరికి, ఎంత, ఏ వడ్డీకి. చేబదుళ్లు కూడా రాయి, ఫ్రెండ్ దగ్గర తీసుకున్న రెండు వేలు కూడా. బ్యాంకులో బంగారం మీద వడ్డీ మామూలుగా నూటికి నెలకు రూపాయి లోపే ఉంటుంది. బయట మూడు, ఐదు, పది కూడా నడుస్తాయి. ముందు తీర్చాల్సింది బయటిది. తాకట్టులో ఉన్న నగకు వడ్డీ కట్టి రెన్యువల్ చేసుకుంటూ వేలం దాకా పోకుండా చూసుకో. ఒక్కటి గట్టిగా చెబుతున్నా: బంగారం ధర పెరిగింది కదా అని అదే నగ మీద ఇంకొంత తీసుకోవద్దు. ధర పెరిగినప్పుడల్లా పాత రసీదు పట్టుకుని మళ్లీ వచ్చే పిల్లోళ్లను చూస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

బుకీకి, అంటే పందేలు కట్టించుకునేవాడికి, ఉన్న బాకీ గురించి తెలిసి ఉండాల్సిన సంగతి ఒకటుంది. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 30 ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, ఆ డబ్బు కోసం కోర్టులో దావా నడవదు. అందుకే వాళ్లు ప్రామిసరీ నోటో, సంతకం పెట్టిన ఖాళీ చెక్కో అడుగుతారు. ఇవ్వొద్దు. నోటు రాసిచ్చాక అది పందెం డబ్బని నిరూపించుకోవాల్సిన బరువు నీ మీద పడుతుంది. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఒక లాయరును కలువు. ఇంటి మీదికొచ్చి బెదిరిస్తే పెద్దవాళ్లను వెంటబెట్టుకుని స్టేషనుకు వెళ్లు.

ఆ కాగితం పట్టుకుని ఇంట్లో ఒకరికి చెప్పాలి. అన్నింటికంటే కష్టమైన పని ఇదే. అమ్మతోనే మొదలుపెట్టాలని లేదు. మేనమామో, బావో, పెద్దక్కో, అరిచినా తర్వాత కూర్చుని మాట్లాడే మనిషిని చూసుకో. మొత్తం చెప్పు. మూడు లక్షలుంటే లక్షన్నర అని చెప్పేవాళ్లే ఎక్కువ. దాచిన ఆ లక్షన్నర కోసమే మళ్లీ ఆటకు కూర్చుంటారు.

సాయంత్రం ఏడున్నరకు చేతులు ఊరుకోవు, నిద్ర పట్టదు, ఊరికే చిరాకొస్తుంది. ఇది క్యారెక్టర్ లోపం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా జూదం వ్యసనాన్ని జబ్బుల జాబితాలో చేర్చింది. మానసిక సాయానికి ప్రభుత్వం పెట్టిన 14416 నంబరుకు ఫోన్ చేస్తే రాత్రీ పగలూ ఎప్పుడైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు. కడపలో, కర్నూలులో సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. ఇక బతకలేననిపిస్తే ఆ రాత్రి ఒంటరిగా ఉండొద్దు. ఎవరినైనా లేపు, ఆ నంబరుకు ఫోన్ చెయ్. అప్పు ఎంతైనా సరే, వాయిదాల మీద తీరుతుంది. నీ ప్రాణం పోతే ఆ కాగితం మీ అమ్మానాన్నల చేతికొస్తుంది.

ఇంట్లోవాళ్లకు కూడా ఒక మాట. చేను అమ్మి ఒకేసారి అంతా కట్టేసి పిల్లోడి చేతికి ఖాళీ స్లేటు ఇవ్వకండి. డబ్బు అతని చేతికివ్వకుండా ఒక్కో బాకీ మీరే వెళ్లి తీర్చండి, రసీదు తీసుకోండి. పెళ్లి చేస్తే దారికొస్తాడని సంబంధాలు చూడకండి, ఇంకో ఇంటి పిల్లను ఇందులోకి లాగొద్దు. కొన్నాళ్లకు మళ్లీ ఒక రోజు ఆడాడని తెలిస్తే ఇల్లు వదిలి పొమ్మనకండి. ఆ రోజే అదే కాగితంలో ఆ మొత్తం కూడా రాయించండి, యూపీఐ లిమిట్ మళ్లీ చూడండి, మరుసటి రోజు పొద్దున ఓపీకి మీరే తోడు వెళ్లండి.